తూనీగ ‘వాలింది’ అంటే చాలా?

కావలి నుంచి ప్రశ్న:
చిన్న తూనీగల ఫొటోల కింద అందరూ ‘గడ్డిపోచ మీద కూర్చున్న తూనీగ’ అని రాస్తున్నారు. తూనీగ కూర్చుంటుందా? ‘వాలు’ అనే చక్కటి క్రియ ఉంది కదా, అదే రాయమని చెప్పవచ్చా?

బుచ్చిరెడ్డిపాళెం:
‘వాలు’ సరైన మాటే అన్నా. పిట్ట వాలుతుంది, పొద్దు వాలుతుంది, నిద్రొస్తే తల వాలుతుంది. పైనుంచి దిగడం అన్నిట్లోనూ ఉంది. ‘కూర్చుంది’ అంటే ఆ దిగడమే పోతుంది. కాకపోతే ఫొటో తీసేవాళ్లకు ఆ ఒక్క మాట చాలదు. ఎట్ట వాలిందో కూడా చెప్పాల.

వరిమడి గట్ల మీద సన్నరకం ఒకటి తిరుగుతుంది, శాస్త్రనామం అగ్రియోక్నెమిస్ పిగ్మియా, పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. అది పోచను కరుచుకుని రెక్కలు వీపు మీద ముడుస్తుంది. మనిషి కదిలితే పోచ చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది, ఎగరదు. తొందరపడి చుట్టూ తిరగొద్దు, అదీ తిరుగుతుంది. మోకాళ్ల మీద వంగి, నీడ దాని మీద పడకుండా, పక్కనుంచి నిదానంగా చేరాల.

అసలు సైజులో తీస్తే (సెన్సార్, అంటే కెమెరాలో బొమ్మ పడే పలక, దాని మీద ఒకటికి ఒకటి) ఎఫ్/8 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా పడే లోతు సుమారు ఒక మిల్లీమీటరే. సగం సైజులో మూడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అందుకే సెన్సార్ దాని ఒంటికి సమాంతరంగా ఉండాల. రవ్వంత ఏటవాలుగా పెట్టినా కన్ను వస్తే తోక పోతుంది. ఎఫ్/16 దాటిస్తే లోతు పెరిగినా బొమ్మ మొత్తం మెత్తబడుతుంది.

ఒంగోలు:
‘కరుచుకుంది’ బాగుందండీ. కానీ అన్నిటికీ సరిపోదు. బండల మీద, ప్రహరీ గోడల మీద ఉండే బూడిదరంగు మచ్చల తూనీగ (బ్రాడినోపైగా జెమినాటా) రెక్కలు పరిచి రాతికి హత్తుకుంటుంది. రంగు రాతిలో కలిసిపోతుంది కాబట్టి ఎగిరితే తప్ప కనపడదు. దానికి కెమెరా గోడకు ఎదురుగా, సూటిగా పెడితే నాలుగు రెక్కలూ ఒకే తలంలో పడతాయి. ఇక వానల ముందు గుంపులుగా వచ్చే పసుపురంగు తూనీగ (పంటాలా ఫ్లావెసెన్స్) కొమ్మను పట్టుకుని కిందికి వేలాడుతుంది. కెమెరా నిలువుగా తిప్పాలి.

ఎండవేళ ఇంకొక భంగిమ ఉంది: తోకను సూర్యుడి వైపు లేపి పెడుతుంది, ఒంటికి ఎండ తక్కువ తగలడానికి. దానికి ‘తోక నిక్కించింది’ అనండి. ‘తోక పైకెత్తింది’ కన్నా బిగువుగా ఉంటుంది. నిజానికి అది తోక కాదు, పది కణుపుల పొట్ట. వాడుకలో తోకే గనుక మార్చక్కర్లేదు.

బుచ్చిరెడ్డిపాళెం:
ఇంకొకటి. పగటి గాలికి పోచ ఊగుతుంది, తూనీగ కదలకున్నా బొమ్మ చెదురుతుంది. గాలి లేవకముందే, మంచు తడి ఆరకముందే పోవాల. అప్పుడు వాటి ఒళ్లు చల్లగా ఉండి గబుక్కున ఎగరలేవు. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గించొద్దు, గాలి ఉంటే 1/500. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సును బయట తీయగానే ఆవిరి పడుతుంది. సంచిలోనే అర్ధగంట ఉంచి తీయండి.

కావలి:
మంచిదండీ. చివరిగా, రెక్కలు ‘మూసింది’ అనాలా, ‘ముడిచింది’ అనాలా?

ఒంగోలు:
ముడిచింది. మూసేది తలుపు, కన్ను. లెస్టిస్ అనే సన్న తూనీగల రకాలు మాత్రం వాలినా రెక్కలు పూర్తిగా ముడవవు, వాటికి ‘అరవిప్పి’ అనండి. ఆ రెక్కలు కెమెరాకు ఏటవాలుగా పడతాయి కాబట్టి కన్ను, పొట్ట స్పష్టంగా వచ్చేలా చూసుకుని రెక్క కొసలు వదులుకోవాలి.