నీళ్లు పోసే ఆవిడ ముక్కులో నూనె వేస్తోంది, వద్దనడమెలా?

బ్రాడీపేట అమ్మాయి:
మా వాడికి మూడో నెల. పురిటికొచ్చి ఇంకా గుంటూరులో అమ్మ దగ్గరే ఉన్నా. నీళ్లు పోసే ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోస్తుంది, వాడూ హాయిగానే ఉంటాడు. కానీ చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేస్తుంది. ముక్కులో నోటితో ఊదుతుంది. ఆఖర్న గదంతా సాంబ్రాణి. వద్దంటే "నీకూ నేనే పోశానమ్మా" అంటుంది. వచ్చే నెల విజయవాడ ఫ్లాటుకి వెళ్లిపోతాను. పగలు ఇంట్లో నేనొక్కదాన్నే. ఎలా పోసుకోవాలి?

పటమట పెద్దమ్మ:
పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. కాళ్ల మీద పోయడానికి వంక పెట్టక్కర్లేదమ్మా, నీళ్లు టబ్బులోలా నిలవవు, జారిపోతాయి. ముక్కులో నూనె మాత్రం మాన్పించు. ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమ్ము చేస్తుంది. చెవిలోనూ వద్దు. ఊదితే ఆవిడ జలుబు వాడికి అంటుకుంటుంది. సాంబ్రాణి పొగ పసివాళ్ల ఊపిరికి మంచిది కాదు. అయినా తువ్వాలుతో అద్దితే ఆరిపోయే జుట్టుకి అంత పొగెందుకు?

ఒక్కదానివే ఉన్నప్పుడు తువ్వాలు, సబ్బు, బట్టలు చేతికందేలా పెట్టుకున్నాకే వాడి చొక్కా విప్పు. పొట్టి పీట మీద కూర్చో. బకెట్లో ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేన్నీళ్లు. బాగా కలిపి మోచెయ్యి ముంచి చూడు. గోరువెచ్చగా, 37 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. గీజరు 60లో ఉంటే ఆ నీళ్లు పసిచర్మాన్ని క్షణాల్లో కాల్చేస్తాయి, 50కి దించు. బెల్లు మోగినా, కుక్కరు కూసినా వాణ్ణి తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకునే లేవాలి.

భవానీపురం నాన్న:
మేలో మన బెజవాడలో మధ్యాహ్నం చన్నీళ్లెక్కడివండీ! మేడ మీద నల్ల ట్యాంకు, ఎండలో పైపులు. కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. మేం రాత్రే బకెట్టు పట్టి ఉంచేవాళ్లం.

పటమట పెద్దమ్మ:
నిజమే బాబూ, అందుకే చన్నీళ్లనుకున్నవీ ముట్టుకు చూడాలి. పట్టి ఉంచడం ఇప్పటికి పర్లేదు. పాకడం మొదలెట్టాక మాత్రం బకెట్లో చుక్క నీరు ఉంచకండి. తొంగి చూస్తూ తల బరువుకి బోర్లా పడితే లేవలేరు. జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు, చప్పుడూ రాదు. మూతని నమ్ముకోవద్దు. బాత్రూముకి పైగడియ వెయ్యండి.

బ్రాడీపేట అమ్మాయి:
రేపట్నుంచి నూనె నేనే రాసి ఇస్తానండి, గిన్నె ఆవిడ చేతికి వెళ్లదు. ఊదడమే ఎలా ఆపాలో!

పటమట పెద్దమ్మ:
డాక్టరు గారు గట్టిగా తిట్టారని చెప్పు. నీ మాటకైతే నవ్వేస్తుంది.