లేనా నది చలికాలపు ప్రవాహం: డ్యామ్ వాటా ఎలా విడదీయాలి?

అందరికీ నమస్కారమండీ. మాది శ్రీకాకుళం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సైబీరియాలోని లేనా నది తీసుకున్నాను. మా నాగావళి వానకి పొంగుతుంది, వేసవిలో ఇసుక తేలుతుంది. లేనా అలా కాదు. చలికాలమంతా మంచు పలక కింద సన్నగా పారి, మే, జూన్‌లలో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది.

కొన్ని దశాబ్దాలుగా దాని చలికాలపు ప్రవాహం పెరుగుతోంది. నేల అడుగున శాశ్వతంగా గడ్డకట్టిన పొర కరగడం ఒక కారణమంటారు. కానీ ఉపనది విల్యూయ్ మీదున్న జలవిద్యుత్ డ్యామ్ కూడా చలికాలంలోనే నీళ్లు వదులుతుంది కదా! పైగా అడవి కాలినచోట నేల ఇంకా లోతుగా కరుగుతుంది. ఈ మూడింటినీ ఎలా విడదీయాలి? పడిన వానలో ఎంత ఆవిరై, ఎంత నదిలోకి పారుతుందో అంచనా వేసే బుడికో పద్ధతి ఉంది కానీ, అది నేలలో నీటి నిల్వ మారదనుకుని మొదలవుతుంది, ఇక్కడ మారేదే అది.

డ్యామ్ ఎగువ స్టేషన్ల రోజువారీ ప్రవాహం డేటా ఎక్కడ దొరుకుతుందో, ఏ పద్ధతి నమ్మొచ్చో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.