ఇంటిమసీ కోఆర్డినేటర్ చేసే పని ఏమిటి?

ప్రశ్న: సినిమాల్లో ముద్దు, శృంగారం వంటి సన్నిహిత దృశ్యాలకు దర్శకుడు ఉండగా, ఇంటిమసీ కోఆర్డినేటర్ అనే మరో నిపుణుడు ఎందుకు అవసరమో వివరించగలరా?

మొదటి జవాబు: అవకాశాలు ఇచ్చే స్థానంలో ఉన్న దర్శకుడు అడిగినప్పుడు కొత్త నటులు ‘వద్దు’ అనడం చాలా కష్టమండి. అందుకే కోఆర్డినేటర్ చిత్రీకరణకు ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఎక్కడ తాకవచ్చో, ఎంతవరకు దుస్తులు తీయడానికి సమ్మతమో తెలుసుకొని, ఆ హద్దులను రాతపూర్వకంగా నమోదు చేయించి, ఆపైన ఫైట్ మాస్టర్ పోరాటాన్ని కూర్చినట్లే ప్రతి కదలికనూ కూర్చి సాధన చేయిస్తారు. శరీరాల మధ్య అడ్డుగా మెత్తలు ఉంచడం, సెట్లో అవసరమైనవారే ఉండేలా చూడటం కూడా వారి బాధ్యతే. ఇచ్చిన సమ్మతిని మధ్యలోనైనా వెనక్కి తీసుకోవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

రెండో జవాబు: ఈ వృత్తి మూలాలు నాటకరంగంలో ఉన్నాయి. అమెరికాలో 2016లో ఇంటిమసీ డైరెక్టర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏర్పడింది. 2018లో అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ, అటువంటి దృశ్యాలున్న తన ధారావాహికలన్నిటికీ ఈ నిపుణులను నియమిస్తామని ప్రకటించింది. నాటకంలో అదే దృశ్యం ప్రతి ప్రదర్శనలోనూ వస్తుంది కనుక, దర్శకుడు లేని రోజున కూడా కూర్పు మారకూడదు.

ప్రశ్న అడిగినవారు: ఫైట్ మాస్టర్ పోలికతో స్పష్టమైంది. సమ్మతి వెనక్కి తీసుకుంటే ఆ దృశ్యం ఏమవుతుంది?

మొదటి జవాబు ఇచ్చినవారు: కెమెరా కోణం మార్చో, కదలికను తగ్గించో దాన్ని తిరిగి కూరుస్తారండి.