జూన్‌లోనూ తీరంలోనే ఉన్న గాడ్విట్లు: దెబ్బ తగిలిందా?

ప్రశ్న: మేము ఆక్లాండ్‌లో ఉంటాము. నిన్న పిల్లలతో మిరాండా తీరానికి వెళ్లాము. చారల తోక గాడ్విట్లు (బురద తీరాల్లో మేసే పొడవు ముక్కు వలస పక్షులు) మార్చిలోనే అలాస్కా వైపు బయలుదేరతాయని చదివాను. కానీ ఒక చిన్న గుంపు గవ్వల దిబ్బ మీద ఒంటికాలిపై, ముక్కు ఈకల్లో దాచుకుని నిలబడి ఉంది. దగ్గరకు వెళ్తే కాస్త పక్కకు జరిగాయి, అంతే. గాయపడి ఆగిపోయాయా? ఎవరికైనా చెప్పాలా?

జవాబు: కంగారు పడకండి. అవి చాలావరకు ఈడుకు రాని పక్షులు. అలాస్కాలో పుట్టి ఇక్కడికి వచ్చాక రెండు మూడేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం న్యూజీలాండ్‌లోనే ఉండిపోతాయి. జతకట్టే వయసు వచ్చాకే ఉత్తరానికి వెళ్తాయి. ఒంటికాలి నిద్ర జబ్బు కాదు. పోటు వేళ బురద నేల మునిగిపోయి మేత దొరకదు కాబట్టి విశ్రాంతి తీసుకుంటాయి. రెక్క వేలాడుతున్నా, లేవలేక పడి ఉన్నా మాత్రం అక్కడి తీరపక్షుల కేంద్రంలో చెప్పండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: దయచేసి దగ్గరకు వెళ్లకండి. ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అప్పుడు పెద్ద పక్షులు ప్రయాణానికి కొవ్వు కూడబెడుతుంటాయి. బయలుదేరేనాటికి ఒంటి బరువులో దాదాపు సగం కొవ్వే, జీర్ణాశయం కూడా కుంచించుకుపోతుంది. మనం బెదరగొట్టి లేపిన ప్రతిసారీ ఆ కొవ్వు కొంత కరుగుతుంది. ఉత్తరానికి వెళ్లేటప్పుడు చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు బురద తీరాల్లో ఆగి మేస్తాయి. ఆ తీరాలను పూడ్చి భూమిగా మార్చడమే వీటికి పెద్ద ముప్పు. తిరుగు ప్రయాణంలో చాలా పక్షులు ఎక్కడా ఆగవు. 2022లో సుమారు ఐదు నెలల పిల్ల పక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎగిరింది. వీటికి బాతుల్లా ఈదే పాదాలు లేవు, సముద్రం మీద వాలి సేదతీరలేవు.

ప్రశ్న: ధన్యవాదాలండి. మేస్తుండగా పిల్లలకు చూపించాలంటే?

జవాబు: ఆటుపోట్ల పట్టిక చూసుకుని పోటుకు రెండు గంటల ముందే చేరుకోండి. నీరు పెరిగేకొద్దీ పక్షులే మేస్తూ ఒడ్డుకు దగ్గరవుతాయి. దుర్భిణి తప్పనిసరి, కుక్కను ఇంట్లోనే ఉంచండి. కొన కాస్త పైకి తిరిగిన ముక్కుతో బురదలోని పురుగులను లాగుతుంటాయి. ఎక్కువ పొడవు ముక్కు ఉన్నది ఆడపక్షి. పెద్ద గుంపులు కావాలంటే అక్టోబరు తరువాత రండి.

ఇంకొకరి ప్రశ్న: చలికాలంలో మా కొల్లేరులో కనిపించేదీ ఇదేనా?

జవాబు: అది చాలావరకు నల్లతోక గాడ్విట్. ఎగిరినప్పుడు చూడండి: రెక్కల మీద వెడల్పాటి తెల్ల పట్టీ, తోక చివర నలుపు ఉంటాయి. చారల తోక దానికి ఆ తెల్ల పట్టీ ఉండదు.