అప్‌డేట్: పాత లేత్‌కు డ్రిల్ చేయకుండా డిజిటల్ రీడౌట్ – సమస్య తీరింది

నాన్నగారి పాత హెచ్‌ఎంటీ లేత్‌కు (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్) ఎక్కడా డ్రిల్ చేయకుండా, కదలికను అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్ పెట్టడం ఎలా అని, మోటార్ ఆన్ చేయగానే అంకెలు ఎందుకు ఎగురుతున్నాయని అడిగాను. రెండూ తీరాయి. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

లేత్ బెడ్ (అడుగు దిమ్మ) వెనక టేపర్ అటాచ్‌మెంట్ (ఏటవాలుగా చెక్కడానికి తగిలించే పరికరం) కోసం ఫ్యాక్టరీలోనే థ్రెడ్ కోసిన రంధ్రాలు ఉంటాయేమో చూడమన్న సలహా పనిచేసింది. పాత గ్రీజు మడ్డి గీకితే బయటపడ్డాయి. అల్యూమినియం బ్రాకెట్‌ను వాటికే బిగించి కదలికను కొలిచే మాగ్నెటిక్ స్కేల్ పెట్టాం. పనిముట్టును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్‌కు క్లాంప్ సరిపోయింది. రేపు ఎవరైనా విప్పేసినా మిషన్ మీద గీత కూడా ఉండదు. నాకు కావాల్సింది అదే.

అంకెలు ఎగరడానికి కారణం బెంగళూరు పీణ్యలో ఒక ఎలక్ట్రీషియన్ పట్టుకున్నారు. వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) నుంచి మోటార్‌కు వెళ్లే మామూలు కేబుల్, స్కేల్ వైరు ఒకే పైపులో ఉండడంతో మోటార్ కేబుల్ విద్యుత్ అలజడి స్కేల్ సిగ్నల్‌లో కలిసేది. మోటార్‌కు షీల్డెడ్ (లోహపు తొడుగు ఉన్న) కేబుల్ వేసి, షీల్డ్‌ను రెండు చివర్లా ఎర్త్ చేసి, స్కేల్ వైరు దూరంగా లాగాక అంకె కదలడం లేదు.

స్కేల్ సిగ్నల్ చదివే ఈఎస్‌పీ32 బోర్డులో (చిన్న కంట్రోలర్) లోపమేమీ లేదు. స్కేల్ నుంచి వచ్చే 5 వోల్టుల సిగ్నల్‌ను బోర్డు తట్టుకునే 3.3 వోల్టులకు దించే లెవల్ షిఫ్టర్ మాత్రం తప్పనిసరి. క్రాస్ స్లైడ్ స్క్రూ అరిగింది, మార్చమన్నారు కొందరు. ఆ అవసరం రాలేదు. స్కేల్ చదివేది స్క్రూను కాదు, స్లైడ్ కదలికను.