పాత మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ ఎక్కడ వెతకాలి, దొరికినవి ఎలా దాచాలి?

శేషు_జేసీఎల్:
అందరికీ నమస్కారం. మా దగ్గర మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్) తీసేసే పని నడుస్తోంది. రిపోర్టులు తీసే పాత ప్యాకేజీ ఒకటి ఉంది. దాన్ని అమ్మిన కంపెనీని ఎప్పుడో ఒకరు కొన్నారు, వాళ్లని మరొకరు కొన్నారు, ఇప్పటి ఓనర్లని అడిగితే ఆ పేరు మా లిస్టులోనే లేదంటున్నారు. జాబులు (మెషీన్‌కి అప్పజెప్పే పనులు) ఇంకా రోజూ నడుస్తున్నాయి, కంట్రోల్ కార్డులన్నీ (ఏం చేయాలో ప్యాకేజీకి చెప్పే లైన్లు) ఉన్నాయి, కానీ కార్డులో ఫలానా కాలమ్‌లో ఉన్న అక్షరం ఏం చేస్తుందో చెప్పగల మనిషి లేడు. కొత్త సిస్టమ్‌లో అదే లెక్క రావాలంటే ఆ అక్షరం అర్థం తెలియాలి కదా. ఇంకో సంగతి, ఒక గది నిండా బైండర్లు ఉన్నాయి, ఖాళీ చేయమంటున్నారు. మాన్యువల్ కోసం ఎక్కడ వెతకాలి, ఈ బైండర్లని ఏం చేయాలి, రెండూ చెప్పండి.

పాతటేపు:
ముందు ఆ గది తాళం మీ దగ్గర పెట్టుకోండి. సరదాకి అనడం లేదు. 2000 సంవత్సరం సమస్య (సంవత్సరాన్ని రెండంకెల్లో రాయడం వల్ల వచ్చింది) కోసం అందరూ పాత మాన్యువల్స్ దుమ్ము దులిపారు, ఆ పని అయిపోగానే చాలా చోట్ల అవే బైండర్లు బయటికి పోయాయి. ఒకసారి పోయాక వెతుక్కోవడం చాలా కష్టం.

వెతకడం మొదలుపెట్టాల్సింది బిట్‌సేవర్స్ నుంచి. కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో సాఫ్ట్‌వేర్ క్యూరేటర్‌గా పనిచేసిన ఆల్ కోసో నడిపే ఆర్కైవ్ అది. కంపెనీ పేర్ల వారీగా ఫోల్డర్లు ఉంటాయి, ఐబీఎం ఒక్కటే కాదు, బరోస్, కంట్రోల్ డేటా, హనీవెల్, యూనివాక్ అన్నీ ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాని కాపీ ఉంది, అక్కడ పుస్తకం లోపలి మాటలతో కూడా వెతకొచ్చు. మీ ప్యాకేజీ విషయంలో మాత్రం ఇప్పటి ఓనర్ పేరుతో వెతక్కండి, మొదటి కంపెనీ పేరుతో వెతకండి. ఉదాహరణకి ఏడీఆర్ అనే కంపెనీని 1985లో అమెరిటెక్ కొంది, 1988లో అది కంప్యూటర్ అసోసియేట్స్‌కి పోయింది, 2018లో ఆ కంపెనీ మొత్తం బ్రాడ్‌కామ్ చేతికి వచ్చింది. పాన్సోఫిక్ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా 1991లో కంప్యూటర్ అసోసియేట్స్‌లోనే కలిసింది. 1970ల నాటి పుస్తకం మీద అప్పటి పేరే ఉంటుంది, స్కాన్ చేసినవాళ్లు ఆ పేరుతోనే ఫైల్ పెడతారు.

రాధిక_సిస్‌ప్రోగ్:
పేరుతో కాదు, నంబరుతో వెతకండి. ఐబీఎం పుస్తకాలకైతే నంబరే అసలు గుర్తు. టైటిల్స్ ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి, ఫైల్ పెట్టేవాళ్లు వాటిని కుదించి రాస్తారు, నంబరులో అంకెలు మాత్రం మారవు. ఐబీఎం సిస్టమ్/360 మెయిన్‌ఫ్రేమ్ మాన్యువల్ "ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఆపరేషన్" చూడండి, మొదట ఏ22-6821, తర్వాత ముందు ఒక అక్షరం చేరి జీఏ22-6821 అయింది. అంటే పూర్తి నంబరు కొట్టి దొరకలేదని వదిలేయకూడదు, మొదటి అక్షరం తీసేసి మళ్లీ వెతకాలి. ఆ మొదటి అక్షరానికి కూడా పని ఉంది. జీ అంటే అందరికీ ఇచ్చేది, ఎస్ అంటే డబ్బుకి అమ్మేది, ఎల్ అంటే లైసెన్స్ ఉన్నవాళ్లకే. రెండో అక్షరం వై అయితే అది లాజిక్ మాన్యువల్, ప్రోగ్రామ్ లోపల ఎలా నడుస్తుందో చెప్పేది. వాడుకునేవాళ్ల గైడ్‌లో లేని జవాబులు చాలాసార్లు ఈ వై పుస్తకాల్లో ఉంటాయి, అందుకే మీ గదిలో ఎల్‌వై అని మొదలయ్యేవి కనిపిస్తే వాటిని ముందు పక్కన పెట్టండి, అవి తక్కువమంది దగ్గర ఉండేవి.

నంబరు చివర గీత పెట్టి ఉండే అంకె ఎడిషన్. -2, -5 రెండూ దాదాపు వేరే పుస్తకాలే అనుకోవాలి. టైటిల్ పేజీ వెనక ఎడిషన్ నోటీసు ఉంటుంది, ఇది సాఫ్ట్‌వేర్ ఏ రిలీజ్‌కి (వెర్షన్‌కి) వర్తిస్తుందో అక్కడ రాస్తారు. మీ దగ్గర నడుస్తున్న రిలీజ్‌కి సరిపడే పుస్తకం కాకపోతే కార్డులో ఆ కాలమ్‌కి అర్థం మారి ఉండొచ్చు.

శేషు_జేసీఎల్:
రాధిక గారూ, చాలా థాంక్స్. కొన్ని బైండర్లలో పేజీలు మధ్యలో వేరే రంగులో, వేరే తేదీతో ఉన్నాయి. ఎవరో కలిపేశారా?

రాధిక_సిస్‌ప్రోగ్:
కలిపేయలేదు, కలపమనే పంపారు. టీఎన్‌ఎల్ అంటారు, టెక్నికల్ న్యూస్‌లెటర్. మొత్తం పుస్తకం మళ్లీ అచ్చు వేయకుండా మారిన పేజీలు మాత్రమే పంపేవాళ్లు, మనం పాత పేజీ తీసి కొత్తది పెట్టుకోవాలి. పేజీ పైన ఏ టీఎన్‌ఎల్‌తో మారిందో రాసి ఉంటుంది, మారిన వాక్యం పక్కన మార్జిన్‌లో నిలువు గీత ఉంటుంది. ఒకే నంబరు, ఒకే ఎడిషన్ అయినా ఒక బైండర్‌లో మూడు టీఎన్‌ఎల్‌లు చేరి ఉండొచ్చు, మరో దాంట్లో ఒక్కటీ చేరి ఉండకపోవచ్చు. అందుకే "ఇది ఆన్‌లైన్‌లో ఉంది కదా" అని మీ కాపీ పారేయొద్దు, ముందు పోల్చి చూడాలి. తీసేసిన పాత పేజీలని బైండర్ వెనక అట్టే పెట్టినవాళ్లు ఉన్నారు, అవి దొరికితే ఇంకా మంచిది, రెండు రిలీజుల మధ్య ఏం మారిందో కళ్ల ముందు ఉంటుంది. మార్జిన్‌లో పెన్నుతో రాసిన నోట్స్ కూడా చెరపకండి. ఆపరేటర్ రాసుకున్న ఒక్క లైన్ కొన్నిసార్లు అచ్చులో ఎక్కడా లేని సంగతి చెబుతుంది.

హెర్క్యులిస్_అభిమాని:
శేషు అన్నా, మాన్యువల్ దొరక్కపోయినా చాలా సమాచారం మెషీన్ లోపలే ఉంటుంది, మెషీన్ ఆపకముందే తీసుకోవాలి. ప్యాకేజీతో పాటు వచ్చిన శాంపిల్ లైబ్రరీ, మాక్రో లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్ ముక్కలు) వెతకండి. మాక్రోల పైన ఉండే కామెంట్లలో ప్రతి ఫీల్డ్‌కి వివరణ ఉంటుంది, మనం దాన్ని ప్రోగ్రామ్ అనుకుంటాం కానీ సగం డాక్యుమెంటేషన్ అదే. తర్వాత ఇన్‌స్టాలేషన్ టేపు, దానితో వచ్చిన ప్రోగ్రామ్ డైరెక్టరీ (ఇన్‌స్టాల్ చేసే సూచనలు), టీఎస్‌ఓ (మెయిన్‌ఫ్రేమ్‌లో కమాండ్లు టైప్ చేసే చోటు) హెల్ప్ మెంబర్లు. లోడ్ మాడ్యూల్ (నడవడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్) మీద ఏఎమ్‌బీలిస్ట్ అనే ఐబీఎం యుటిలిటీ నడిపితే సీసెక్టుల (ప్రోగ్రామ్ భాగాల) పేర్లు వస్తాయి, ఐడీఆర్ (మాడ్యూల్ తయారీ వివరాల రికార్డు) సమాచారంలో ఎప్పుడు లింక్ చేశారో, ఏ అసెంబ్లర్‌తో లేదా కంపైలర్‌తో తయారైందో తెలుస్తుంది. దాంతో మీకు కావాల్సిన పుస్తకం ఏ ఏడాదిదో ఒక అంచనాకి రావచ్చు. అదే మాడ్యూల్ డంప్ (లోపలి బైట్లన్నీ ఉన్నదున్నట్టు) తీస్తే ఎర్రర్ మెసేజ్‌ల మాటలు ఎబ్సిడిక్‌లో (మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్) నేరుగా చదవొచ్చు, "ఫలానా కాలమ్‌లో ఏ లేదా బి మాత్రమే ఉండాలి" లాంటి మెసేజ్ ఒక్కటి కనిపిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు వచ్చేసినట్టే.

ఇంకోటి, సీబీటీ టేప్ చూడండి. కనెక్టికట్ బ్యాంక్ అండ్ ట్రస్ట్‌లో 1970ల్లో మొదలైంది కాబట్టి ఆ పేరు. సిస్టమ్ ప్రోగ్రామర్లు రాసుకున్న యుటిలిటీలు వందల ఫైళ్లుగా ఉచితంగా ఉన్నాయి, మొదటి ఫైల్ చదివితే దేంట్లో ఏముందో తెలుస్తుంది. ఇతర కంపెనీల ప్యాకేజీల ఫైళ్ల గురించి కూడా అందులోని సోర్స్ కామెంట్లలో దొరికే అవకాశం ఉంది.

నేర్చుకోవడానికైతే హెర్క్యులిస్ ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్‌లా నటించే ప్రోగ్రామ్) మీద ఎమ్‌వీఎస్ 3.8జే అనే పాత ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. హెర్క్యులిస్ రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన ప్రాజెక్టు, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. పాత పుస్తకంలో ఉన్న జేసీఎల్ (జాబులు నడపడానికి రాసే భాష) నిజంగా అలాగే పనిచేస్తుందా అని చేసి చూసుకోవచ్చు. నాకు ఆ పుస్తకాల విలువ అలా నడిపాకే తెలిసింది.

ఎబ్సిడిక్:
టేపుల నుంచి, పీడీఎస్‌ల (మెయిన్‌ఫ్రేమ్ లైబ్రరీ ఫైళ్ల) నుంచి తీసేటప్పుడు ఒక జాగ్రత్త. నేరుగా ఆస్కీకి (మామూలు కంప్యూటర్ల అక్షరాల కోడ్) మార్చి ఒరిజినల్ వదిలేయొద్దు. బైనరీగా ఒక కాపీ ఉంచండి, టేపు అయితే ఏడబ్ల్యూఎస్ అనే టేపు కాపీ ఫార్మాట్‌లో, బ్లాకుల సైజులతో సహా. ఎబ్సిడిక్‌లో ఏ అక్షరానికి ఏ విలువో చెప్పే కోడ్ పేజీలు చాలా ఉన్నాయి, 037లో, 1047లో చదరపు బ్రాకెట్ల విలువలు వేరు. 037లో ఎడమ బ్రాకెట్ హెక్స్ బీఏ, 1047లో ఏడీ. తప్పు పేజీతో మార్చేస్తే సింటాక్స్ (ఆదేశం ఎలా రాయాలి అనే) వివరణలో బ్రాకెట్లన్నీ వేరే గుర్తులైపోతాయి, ఏది ఐచ్ఛికం ఏది తప్పనిసరి అన్నదే పోతుంది.

లైన్ ప్రింటర్ కోసం ఉన్న మాన్యువల్ అయితే మొదటి కాలమ్ చూడండి. 1 అంటే కొత్త పేజీ, 0 అంటే ఒక లైన్ వదలడం, గీత అంటే రెండు లైన్లు, ప్లస్ అంటే అదే లైన్ మీద మళ్లీ అచ్చు. అండర్‌లైన్, బోల్డ్ అన్నీ ఆ ప్లస్‌తోనే చేసేవాళ్లు. మార్చే ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకోకపోతే ప్రతి హెడ్డింగూ రెండుసార్లు కనిపిస్తుంది.

కాగితానికి, పీడీఎఫ్‌కి మధ్యలో వచ్చిన పుస్తకాలు బుక్‌మేనేజర్ (ఐబీఎం ఈ-బుక్) ఫార్మాట్‌లో ఉంటే వాటి సంగతి ముందు చూడండి. కాగితం ఎలాగైనా చదవొచ్చు, ఆ ఫైళ్లకి మాత్రం ప్రత్యేకమైన రీడర్ కావాలి. పాత విండోస్‌ని వర్చువల్ మెషీన్‌లో పెట్టి, సాఫ్ట్‌కాపీ రీడర్‌తో తెరిచి పీడీఎఫ్‌గా ప్రింట్ చేయండి, ఒరిజినల్ ఫైల్ కూడా పక్కనే ఉంచండి.

గ్రంథపాలకురాలు:
స్కానింగ్ గురించి నేను చెబుతాను, ఈ పని మీద నాకు చాలా పట్టింపు ఉంది. అక్షరాలు మాత్రమే ఉన్న పేజీలకి 400 డీపీఐ, నలుపు తెలుపు, జీ4 కంప్రెషన్‌తో (ఏమీ పోకుండా కుదించే పద్ధతి) టిఫ్ ఫైల్. ఫొటోలు, పెన్సిల్ రాతలు ఉంటే గ్రేస్కేల్. ఖాళీ పేజీలు కూడా స్కాన్ చేయండి, లేకపోతే ఎడమ కుడి పేజీలు తారుమారై, తర్వాత చూసేవాళ్లకి ఏదో పేజీ పోయిందేమో అని అనుమానం. కవర్, వెన్ను, ట్యాబులు, వెనక ఉండే అభిప్రాయాల ఫారం, అన్నీ.

చిన్న ఫైల్ వస్తుందని జేబిగ్2 కంప్రెషన్‌ని లాసీ పద్ధతిలో (కొంత సమాచారం పోయేలా) వాడొద్దు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే ఆయన జిరాక్స్ స్కానర్లలో బయటపెట్టిన లోపం గుర్తుందా, ఒకేలా కనిపించే అక్షరాలని ఒకే బొమ్మతో మార్చేయడం వల్ల 6 ఉన్న చోట 8 వచ్చేది. పేజీ శుభ్రంగానే కనిపిస్తుంది, అంకె మాత్రం తప్పు. కథల పుస్తకంలో అయితే ఒక అక్షరం మారినా అర్థమైపోతుంది, అబెండ్ (ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడం) కోడ్‌ల టేబుల్‌లో, హెక్స్ ఆఫ్‌సెట్ల పట్టికలో మారితే ఎవరూ పట్టుకోలేరు. ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) కూడా అంతే, సున్నాకి ఓకి తేడా దానికి తెలియదు. వెతకడానికి ఓసీఆర్ లేయర్ పెట్టండి, నమ్మడానికి మాత్రం పేజీ బొమ్మే.

ఫైల్ పేరులో పూర్తి నంబరు, ఎడిషన్, టైటిల్, నెల, సంవత్సరం. ప్రతి ఫైల్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసుకునే సంఖ్య). స్కాన్ అయిపోయింది కదా అని కాగితం పారేయకండి. బరోస్ కార్పొరేట్ రికార్డులు, కంట్రోల్ డేటా రికార్డులు ఇవాళ చదవగలుగుతున్నామంటే మిన్నెసోటా యూనివర్సిటీలోని చార్లెస్ బాబేజ్ ఇన్‌స్టిట్యూట్ ఆ పెట్టెలు తీసుకుని దాచబట్టే. బైండర్లు ఇవ్వాలనుకుంటే ముందు జాబితా పంపండి, వాళ్ల దగ్గర లేనివి ఏవో వాళ్లే చెబుతారు. పెట్టెలు నేరుగా పంపేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు.

స్పూల్_రవి:
కాపీరైట్ టెన్షన్ ఎవరికీ లేదా? మా లీగల్ వాళ్లు పాత మాన్యువల్ బయటికి పంపితే ఊరుకోరు.

పాతటేపు:
ఉండాల్సిన టెన్షనే రవి గారూ. అమెరికాలో 1978కి ముందు కాపీరైట్ నోటీసు లేకుండా అచ్చయినవాటికి హక్కు పోయేది, 1978 నుంచి 1989 మార్చి దాకా నోటీసు లేకపోయినా సరిదిద్దుకునే వీలు ఉండేది, ఆ తర్వాత నోటీసు అవసరమే లేదు. కానీ ఐబీఎం మాన్యువల్స్‌లో చాలావాటికి నోటీసు ఉంది కాబట్టి "పాతది కదా" అనే మాట చెల్లదు. లైసెన్స్డ్ మెటీరియల్ అని రాసి ఉన్నవి, మీ కంపెనీ సొంతంగా రాసుకున్న రన్‌బుక్‌లు (సిస్టమ్ నడిపే సూచనలు) బహిరంగంగా పెట్టకండి. స్కాన్ చేసి లోపల భద్రంగా ఉంచడం వేరు, అందరికీ పంచడం వేరు. మొదటిదానికి ఆలస్యం చేయొద్దు, రెండోదాన్ని రాతపూర్వకంగా అడిగి చేయండి. ఓనర్లు ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి, మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్‌ని బుల్ కంపెనీ విడుదల చేసింది, ఇవాళ అది ఎమ్యులేటర్ మీద నడుస్తోంది, పక్కనే మాన్యువల్స్ కూడా దొరుకుతున్నాయి.

శేషు_జేసీఎల్:
ఇవాళ గది చూశాను. మొదటి కంపెనీ పేరుతో వెతికితే మా ప్యాకేజీ యూజర్ గైడ్ ఒక ఎడిషన్ ఆన్‌లైన్‌లో దొరికింది, కానీ అది మాకంటే పాత రిలీజ్‌ది, ఆ కాలమ్ గురించి అందులో లేదు. మా గదిలో అదే పుస్తకం తర్వాతి ఎడిషన్ ఉంది, మెసేజెస్ చాప్టర్ మాత్రం లేదు, ఎవరో తీసుకెళ్లినట్టున్నారు. హెర్క్యులిస్ తమ్ముడు చెప్పినట్టు మాడ్యూల్ డంప్ తీయమని అడిగాను, మెసేజ్‌లు అందులోంచి రాసుకుంటాం. గది ఖాళీ చేయడం ఆపించాను, జాబితా పని మొదలైంది. గదిలో మైక్రోఫిష్ పెట్టెలు కూడా ఉన్నాయి, అవేంటి?

రాధిక_సిస్‌ప్రోగ్:
పారేయకండి! మైక్రోఫిష్ అంటే పేజీలని బాగా చిన్నవి చేసి ఎక్కించిన ఫిల్మ్ షీటు, ఐబీఎం వాళ్లు సోర్స్ లిస్టింగులని (ప్రోగ్రామ్ కోడ్‌ని) దాని మీద ఇచ్చేవాళ్లు. ప్రతి ఫిష్ పైన అంచులో కంటితో చదవగలిగే టైటిల్ ఉంటుంది, కాంపొనెంట్ పేరు, రిలీజ్ అక్కడే దొరుకుతాయి. మామూలు స్కానర్‌తో రావు, ఫిష్ స్కానర్ ఉన్న లైబ్రరీని పట్టుకోవాలి. అప్పటిదాకా కవర్లలోంచి తీయకుండా చల్లగా, తేమ లేని చోట ఉంచి, ఆ టైటిల్ లైన్లని మాత్రం జాబితాలో రాయండి.

గ్రంథపాలకురాలు:
శేషు గారూ, మెసేజెస్ చాప్టర్ లేని ఆ పుస్తకం నంబరు, ఎడిషన్, చేరిన మార్పు పేజీల తేదీలు ఇక్కడ రాయండి. చాప్టర్ మొదటి పేజీ, చివరి పేజీ నంబర్లు విషయసూచికలో ఉంటాయి, అవీ ఇవ్వండి. అదే ఎడిషన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీలు మాత్రమే సరిచూసుకుంటే సరిపోతుంది.