అప్‌డేట్: మెట్స్ డబుల్‌హెడర్ గురించి పక్కింటి పెద్దాయన చెప్పింది నిజమే

ఒకే రోజు జరిగిన రెండు మ్యాచ్‌లనూ (దాన్నే డబుల్‌హెడర్ అంటారు) మా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ మెట్స్ 1-0తో గెలిచిందని, రెండింటిలోనూ ఆ ఒక్క పరుగు పిచరే, అంటే బంతులు వేసే ఆటగాడే, బ్యాటింగ్‌లో తెచ్చాడని న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దాయన చెప్పారు. అది నిజమేనా అని మొన్న ఇక్కడ అడిగాను. సమాధానం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. నిజమే!

1969 సెప్టెంబర్ 12, పిట్స్‌బర్గ్‌లోని ఫోర్బ్స్ ఫీల్డ్, ప్రత్యర్థి పైరేట్స్. మొదటి మ్యాచ్‌లో జెర్రీ కూస్‌మన్ చివరిదాకా తానే బంతులు వేసి, ఐదో ఇన్నింగ్స్‌లో సింగిల్ (బ్యాటర్ మొదటి బేస్ చేరే షాట్) కొట్టి, బేస్ మీదున్న సహచరుడి చేత పరుగు తీయించాడు. బ్యాటింగులో ఎంత బలహీనుడో తెలిస్తే ఆ సింగిల్ విలువ అర్థమవుతుంది. రెండో మ్యాచ్‌లో పిచర్ డాన్ కార్డ్‌వెల్ కూడా అలాగే పరుగు తెచ్చాడు: రెండో ఇన్నింగ్స్‌లో అతని సింగిల్‌కు బడ్ హారెల్సన్ పరుగెత్తుకొచ్చాడు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మరో పిచర్ టగ్ మెక్‌గ్రా వచ్చి ఆ ఆధిక్యాన్ని కాపాడాడు. యూదుల నూతన సంవత్సరం కావడంతో మెట్స్‌లోని యూదు ఆటగాడు ఆర్ట్ షామ్‌స్కీ ఆ రోజు ఆడనేలేదు.

స్కోరుకార్డులో వరుసగా ఆ సున్నాలు చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఒక్క బంతి తప్పినా చేజారే ఆధిక్యం, అదీ ఒకే రోజు రెండుసార్లు! ఆ ఏడాదే మెట్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) గెలిచింది. 2022 నుంచి పిచర్ల బదులు వేరే ఆటగాడు బ్యాటింగ్ చేస్తున్నాడు కనుక, ఇలాంటి రోజు మళ్లీ రావడం కష్టం.

నిన్న సాయంత్రం ఆ స్కోరుకార్డు ముద్రించి పెద్దాయనకు ఇచ్చాను. కూస్‌మన్ పేరు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.